చెయ్యి చాపితే ఫ్యాన్ అందాలంటే

స్మార్ట్ బల్బులు నాలుగైదు బిగించుకున్న ఏ ఇంట్లో అడిగినా ఒకటే గోల. యాప్ తెరిస్తే ‘హాల్ లైట్ 1’, ‘హాల్ లైట్ 2’, ‘లివింగ్ రూమ్ లైట్’ అని వరసగా కనిపిస్తాయి, వాటిలో సోఫా మీదున్నది ఏదో, టీవీ పక్కనున్నది ఏదో బిగించినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు, ఆర్నెల్లు పోతే వాడికీ గుర్తుండదు. నోటితో చెబుదామంటే ఆ పేరే తు.చ. తప్పకుండా పలకాలి. ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మకి ఆ పేర్లు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. ఆవిడ చెయ్యి చూపించి ‘అదుగో, ఆ లైటు తీసెయ్యరా’ అంటుంది. పక్కనున్న మనిషికి వెంటనే అర్థమవుతుంది, గోడ మీదున్న స్పీకర్‌కి కాదు.

ఇంట్లో వస్తువుల్ని ఆగ్మెంటెడ్ రియాలిటీతో, అంటే ఎదురుగా ఉన్న నిజం గది మీదే కంప్యూటర్ బొమ్మల్ని కలిపి చూపించే పద్ధతితో, నడిపించాలన్న ఆలోచన మొదలయ్యేది ఇక్కడే. ఇది కొత్త సమస్య కూడా కాదు. 1980లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బోల్ట్ ‘పుట్ దట్ దేర్’ అనే ప్రయోగం చూపించాడు. గోడంత తెర, ఎదురుగా కుర్చీ, చేతికి అయస్కాంత సెన్సర్. కూర్చున్న మనిషి తెర మీదున్న ఒక బొమ్మ వైపు వేలు చూపించి ‘అది’ అని, ఇంకో చోటు చూపించి ‘అక్కడ పెట్టు’ అంటే కంప్యూటర్ పెట్టేది. ఏది, ఎక్కడ అన్న సంగతులు చెయ్యి చెప్పేది, ఏం చెయ్యాలన్నది నోరు చెప్పేది. నలభై ఏళ్లు దాటినా ఈ పని పంపకం కంటే తెలివైనది ఇంతవరకూ రాలేదు. మధ్యలో అందరూ ఫోన్ యాప్‌ల వెంట పడి దాన్ని మర్చిపోయారు, అంతే.

వేలు చూపించడం ఒక పద్ధతి. రెండోది చేతినే పొడిగించడం. కళ్లద్దాల్లోనో, ప్రొజెక్టర్ వెలుగులోనో ఒక బొమ్మ చెయ్యి కనిపిస్తుంది, అది మన చెయ్యి కదిలినట్టే కదులుతూ గది అవతలి చివరనున్న ఏసీ దాకా వెళ్తుంది, దాన్ని ‘ముట్టుకుంటే’ ఏసీ ఆన్ అవుతుంది. శరీర విస్తరణ అంటే ఇదే. వినడానికి భలేగా ఉంటుందిగానీ ఇంట్లో దీన్ని పనిచేయించడం ఎందుకంత కష్టమో కొంచెం లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది.

1996లో ఐవాన్ పుపిరెవ్, ఆయన తోటి పరిశోధకులు వర్చువల్ రియాలిటీ (కళ్ల ముందు అంతా కంప్యూటర్ బొమ్మల లోకమే ఉండే పద్ధతి) కోసం ‘గో-గో’ అనే ఉపాయం కనిపెట్టారు. చెయ్యి ఒంటికి దగ్గరగా ఉన్నంతసేపు బొమ్మ చెయ్యి అసలు చేతితో సమానంగా కదులుతుంది. చేతి పొడవులో మూడింట రెండొంతులు దాటగానే బొమ్మ చెయ్యి అసలు చెయ్యి కంటే వేగంగా సాగడం మొదలవుతుంది, దాటిన దూరాన్ని వర్గం చేసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి కలుపుతారు. వాళ్లు వాడిన గుణకం ఆరో వంతు. 60 సెంటీమీటర్ల చెయ్యి అనుకుంటే పూర్తిగా చాపినప్పుడు బొమ్మ చెయ్యి సుమారు 127 సెంటీమీటర్లు వెళ్తుంది. టీపాయ్ మీద వస్తువుకైతే సరిపోతుంది. నాలుగు మీటర్ల అవతలున్న ఫ్యాన్ అందాలంటే ఆ గుణకాన్ని 0.85కి పెంచాలి. అప్పుడు చెయ్యి పూర్తిగా చాచిన చోట అసలు చెయ్యి ఒక్క మిల్లీమీటరు వణికితే బొమ్మ చెయ్యి మూడున్నర సెంటీమీటర్లు ఊగుతుంది. గాల్లో చాపిన చెయ్యి మిల్లీమీటరు కూడా కదలకుండా ఉంచగలిగే మనిషి లేడు, పైగా చేతిని గుర్తించే కెమెరా లెక్కలో తేడాలు వేరే. స్విచ్ బోర్డు మీద పక్కపక్కనే ఉన్న రెండు మీటల్లో ఒకదాన్ని నొక్కాలంటే ఇక చూడండి.

చెయ్యి వద్దు, టార్చిలైటులా ఒక గీత చూపిద్దామంటే అదీ అంత మెరుగు కాదు. నాలుగు మీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే గురి ఏడు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అయితే గీతకి ఒక సుగుణముంది, దూరం ఎంతన్నది మనం చెప్పనక్కర్లేదు, దిక్కు చెబితే చాలు. చెయ్యి పొడిగిస్తే దిక్కుతో పాటు లోతు కూడా మనమే చూసుకోవాలి. ఇంట్లో ఒకే దిక్కున ఒకదాని వెనక ఒకటి వస్తువులు ఉండేది తక్కువ కాబట్టి ఉట్టినే ఎంచుకోవడానికైతే గీతే మేలు. మరి చేతికి ఎందుకు ఇంత తాపత్రయం?

ఎందుకంటే చేతిని మెదడు తనదిగా ఒప్పుకుంటుంది, గీతని ఒప్పుకోదు. 1998లో బోట్వినిక్, కోహెన్ అనే శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన రబ్బరు చెయ్యి ప్రయోగం అందరికీ తెలిసిందే. అసలు చేతిని అడ్డం వెనక దాచి, కళ్ల ముందు రబ్బరు చెయ్యి పెట్టి, రెంటినీ ఒకే సమయంలో కుంచెతో నిమిరితే కాసేపటికి రబ్బరు చెయ్యే తనది అనిపిస్తుంది. అంతకు రెండేళ్ల ముందు జపాన్‌లో అత్సుషి ఇరికి బృందం కోతులకి చిన్న దంతెలాంటి పనిముట్టుతో దూరంగా ఉన్న తిండి లాక్కోవడం నేర్పింది. అలా లాక్కున్నాక, చేతి చుట్టూ ఉన్న చోటుని కనిపెట్టుకుని ఉండే మెదడు కణాలు కొన్ని పనిముట్టు పొడవునా ఉన్న చోటుకి కూడా స్పందించడం మొదలుపెట్టాయి. తర్వాత వీడియో తెర మీద కనిపించే చేతి విషయంలోనూ అదే బృందం ఇలాంటిదే గమనించింది. అంటే తెర మీద కనిపించే చెయ్యి కూడా కాస్త అలవాటైతే మెదడు లెక్కలోకి వచ్చేస్తుంది. మనుషులకి ఇది ఎంత తొందరగా పట్టుబడుతుందో చెప్పడానికి ఇంగ్లండ్‌లో డానీ క్లోడ్, టమార్ మాకిన్ చేసిన ‘మూడో బొటనవేలు’ ఒకటి చాలు. కాలి బొటనవేళ్లతో నడిపే ఆ అదనపు వేలుని 596 మందికి తొడిగి చూస్తే 98 శాతం మంది మొదటి నిమిషంలోనే వాడగలిగారు.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. చెయ్యి కదిలించడానికీ, బొమ్మ చెయ్యి కదలడానికీ మధ్య ఆలస్యం పెరిగేకొద్దీ ‘ఇది నాదే’ అన్న భావన సడలిపోతుంది, సెకనులో మూడో వంతు దాటితే దాదాపు తెగిపోతుందని ప్రయోగాలు చెబుతున్నాయి. బొమ్మ చెయ్యి వరకు ఇబ్బంది లేదు, అది కళ్లద్దాల్లోనే తయారవుతుంది. ఆ చెయ్యి నొక్కిన బల్బు సంగతే చూసుకోవాలి. చాలా చవక బల్బుల్లో ఆజ్ఞ ఇంటి వైఫై దాటి ఎక్కడో విదేశీ సర్వర్‌కి వెళ్లి తిరిగి ఇంట్లోకి రావాలి. చెయ్యి వెంటనే తగులుతుంది, దీపం సెకను తర్వాత వెలుగుతుంది. మన చేత్తో స్విచ్ నొక్కినప్పుడు ఏనాడైనా అలా జరిగిందా? అనుమానమొచ్చి రెండోసారి నొక్కుతాం, ఈలోపు మొదటిది వెలిగి రెండోది ఆర్పేస్తుంది. వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువులు ఒకే భాష మాట్లాడుకునేలా 2022 అక్టోబర్‌లో వచ్చిన ‘మ్యాటర్’ ప్రమాణం ఈ బాధని కొంత తీర్చింది, ఆజ్ఞ ఇంటి నెట్‌వర్క్‌లోనే తిరిగేలా చేసింది కాబట్టి. శరీర విస్తరణ సంగతి మాట్లాడే ముందు చూడాల్సింది ఖరీదైన కళ్లద్దాలు కాదు, ఈ చిన్న విషయం.

ఇక కళ్లద్దాలు. 2024 ఫిబ్రవరిలో ఆపిల్ విజన్ ప్రో 3,499 డాలర్లకి వచ్చింది. కన్ను ఎటు చూస్తే అదే ఎంపిక, రెండు వేళ్లు కలిపితే అదే క్లిక్. ఈ పద్ధతి నిజంగా బాగుంది. ఉట్టి చూపుతోనే అంతా జరిగిపోతే మాత్రం మొదటికే మోసం. ముట్టుకున్నదల్లా బంగారమైపోయి అవస్థపడిన గ్రీకు కథలోని రాజు పేరు మీద పరిశోధకులు దీన్ని మైడాస్ స్పర్శ అంటారు, మనకి తెలిసిన కథలో అయితే భస్మాసుర హస్తం. ఎటు చూస్తే అటు ఏదో ఒకటి ఆన్ అవుతుంటే ఇంట్లో తల తిప్పడానికి భయమేస్తుంది. చూపు ఎంచుకోవడానికి, వేళ్లు ఖాయం చెయ్యడానికి అని విడగొట్టడంతో ఆ బెడద తగ్గింది. కాకపోతే అరకిలో పైన బరువున్న దాన్ని ముఖానికి కట్టుకుని, ప్రత్యేక బ్యాటరీ జేబులో వేసుకుని, ఫ్యాన్ స్పీడు తగ్గించడానికి కూర్చునేవాళ్లు ఎవరూ ఉండరు. మైక్రోసాఫ్ట్ తన హోలోలెన్స్ 2 కళ్లద్దాల తయారీనే 2024లో ఆపేసింది. మెటా 2025లో 799 డాలర్లకి తెచ్చిన రేబాన్ డిస్‌ప్లే మామూలు కళ్లజోడుకి దగ్గరగా ఉంటుంది, దానితో వచ్చే మణికట్టు పట్టీ కండరాల విద్యుత్ సంకేతాలు చదువుతుంది, చెయ్యి ఒళ్లో పెట్టుకునే వేళ్లు కదిపితే చాలు. గాల్లో చెయ్యి ఎత్తి పెట్టుకుని భుజం లాగే బాధ తప్పుతుంది కనుక ఇంటికి పనికొచ్చేది ఈ పట్టీయే. తెర మాత్రం ఒక కంటికే, అదీ చిన్నది, గది మొత్తం మీద చెయ్యి సాగుతున్నట్టు చూపించే వెసులుబాటు దానికి లేదు.

జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కొసుకే సాతో, దైసుకే ఇవాయ్ బృందం ఇంకో దారి పట్టింది. కళ్లద్దాలే లేవు. టచ్ ప్యానెల్ మీద చెయ్యి పెడితే, ప్రొజెక్టర్ గదిలో నేల మీదో గోడ మీదో ఒక చేతి బొమ్మని వెలుగుగా వేస్తుంది. ప్యానెల్ మీద చెయ్యి జరిపితే ఆ వెలుగు చెయ్యి జరుగుతుంది, వేళ్లు ముడిస్తే ముడుచుకుంటుంది. దీని పేరు ‘ఎక్స్‌టెండెడ్ హ్యాండ్’. 2016లో దీన్ని చక్రాల కుర్చీకి బిగించి చూపించారు. కుర్చీలోంచి లేవలేని మనిషి కుర్చీ చేతి మీదున్న ప్యానెల్‌పై వేళ్లు కదుపుతుంటే, వెలుగు చెయ్యి గదిలోకి సాగి దూరంగా ఉన్న వస్తువుని చూపిస్తుంది.

ఈ వెలుగు చేతికి కళ్లద్దాల చేతికి లేని గొప్ప లక్షణం ఒకటుంది, అది పక్కవాళ్లకి కూడా కనిపిస్తుంది. చిన్న సంగతిలా అనిపిస్తుందిగానీ నలుగురుండే ఇంట్లో ఇదే పెద్ద సంగతి. ఇంట్లో ఎవరైనా లేచి ఫ్యాన్ స్విచ్ వైపు నడిస్తే మిగతావాళ్లకి తెలుస్తుంది, ‘ఉంచవే, ఉక్కపోస్తోంది’ అనడానికి రెండు సెకన్లు దొరుకుతాయి. కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి సోఫాలో కదలకుండా కూర్చుని వేళ్లు కలిపితే ఫ్యాన్ దానంతటదే ఆగిపోయినట్టుంటుంది. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో, కరెంటు పోయిందో తెలియదు. డాలస్‌లో ఉన్న కొడుకు విజయవాడ ఇంట్లోని కెమెరా చూస్తూ అక్కడి నుంచే అమ్మానాన్నల గదిలో ఏసీ తగ్గించడం ఇప్పటికే యాప్‌తో సాధ్యం. చేసేవాడికి అది ప్రేమ, గదిలో ఉన్నవాళ్లకి దెయ్యం తిరిగినట్టుంటుంది. అదే కొడుకు చెయ్యి వెలుగుగా గోడ మీద కనిపించి ఏసీ దాకా వెళ్తే వాళ్లు ఫోన్ చేసి వద్దని చెప్పగలరు. శరీర విస్తరణ అన్నాక శరీరానికి ఉన్న ఆ మర్యాద, అంటే అందరికీ కనిపిస్తూ కదలడం, కూడా రావాలి. చాలా కంపెనీలు చెయ్యి పొడవు మీదే దృష్టి పెట్టి దీన్ని వదిలేస్తున్నాయి.

వెలుగు చేతికి ఇబ్బందులు లేవని కాదు. పట్టపగలు కిటికీ తెరిచున్న హాల్లో ప్రొజెక్టర్ వెలుగు వెలవెలబోతుంది. తెల్లటి ఏసీ మీద చెయ్యి చక్కగా పడుతుంది, నల్లగా నిగనిగలాడే టీవీ తెర మీద పడితే కనిపించీ కనిపించనట్టుంటుంది. మన ఇళ్లలో అందరూ ముందుగా అందుకోవాలనుకునే సీలింగ్ ఫ్యాన్ ఇంకా మొండిది. గాల్లో వేలాడే దాని మీద వెలుగు నిలవడానికి చోటే లేదు, వేలిలో సగం రెక్క మీద పడి ముక్కలవుతుంది, మిగతా సగం దాన్ని దాటిపోయి స్లాబ్ మీద పడుతుంది. నేల మీద ఫ్యాన్‌కి సరిగ్గా కింద ఒక చోటు గుర్తు పెట్టి, అక్కడికి చెయ్యి వస్తే ఫ్యాన్ అనుకోవాలన్నట్టు చెయ్యొచ్చు. అప్పుడు ఫ్యాన్‌ని ముట్టుకున్నట్టు ఉండదు, నేల మీద ఇంకో స్విచ్ బోర్డు గీసుకున్నట్టు ఉంటుంది.

ఇంతకీ చెయ్యి ఎక్కడికి వెళ్లిందో తెలిసినంత మాత్రాన అక్కడ ఏముందో సిస్టమ్‌కి తెలియదు. స్మార్ట్ హోమ్ యాప్‌కి పరికరం ఏ గదిలో ఉందో చెబుతాం, గదిలో ఏ మూల, ఎంత ఎత్తులో ఉందో ఎవరూ చెప్పరు, చెప్పడానికి మామూలు యాప్‌లలో గడీ కూడా ఉండదు. దీనికి ఎవరి తంటాలు వాళ్లవి. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో వాలెంటిన్ హోయిన్ తెచ్చిన ‘రియాలిటీ ఎడిటర్’ వస్తువుల మీద గుర్తులు అంటించి ఫోన్ కెమెరాతో పోల్చుకునేది. దాంట్లో ఇంకో మంచి పని ఉండేది, తెర మీద ఒక వస్తువు నుంచి ఇంకో దానికి వేలితో గీత గీస్తే ఆ రెండూ కలిసిపోయేవి, ఒకదాని మీట రెండోదాన్ని నడిపేది. 2020లో షావోమీ, దూరాన్నీ దిక్కునీ కచ్చితంగా కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియోతో ఫోన్‌ని ఏ వస్తువు వైపు తిప్పితే ఆ వస్తువు మీటలు తెర మీదికి వచ్చేలా చూపించింది. కాకపోతే దానికి ప్రతి వస్తువులోనూ ఆ చిప్ ఉండాలి. బల్బు ధర కంటే చిప్ ఖర్చు ఎక్కువైతే ఎవరు పెడతారు? అందుకే కళ్లద్దాల కెమెరా గదిని చూసి మ్యాపు గీసుకుని, మొదటిసారి మనమే ‘ఇది ఫ్యాన్, ఇది లైట్ 2’ అని ఒక్కొక్కటీ ముట్టి చూపించే పద్ధతే ప్రస్తుతానికి పనిచేసేది. దీపావళికి ఇల్లు సర్దినప్పుడు టేబుల్ ల్యాంప్ చోటు మారితే మళ్లీ చూపించాలి.

మన ఇళ్లలో చిక్కు ఇంకోటుంది. ఇక్కడ ప్రతి బల్బుకీ ఫ్యాన్‌కీ గోడ మీద స్విచ్ ఉంటుంది, బయటికెళ్లేటప్పుడు అన్నీ ఆపెయ్యడం మన అలవాటు. అత్తగారు వెళ్తూ వెళ్తూ స్విచ్ ఆపేస్తే స్మార్ట్ బల్బుకి కరెంటే అందదు, ఎంత పొడవైన చెయ్యి సాగినా అది పలకదు. బల్బు బదులు స్విచ్‌నే స్మార్ట్ చేద్దామంటే పాత ఇళ్లలో చాలా స్విచ్ బోర్డుల్లోకి న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు, స్మార్ట్ స్విచ్‌లలో చాలావాటికి ఇది కావాలి) రాదు, ఎలక్ట్రీషియన్ పిలిపించి లాగించాలి. ఇప్పుడు అందరూ కొంటున్న రిమోట్ ఫ్యాన్లు చూడండి. వాటిలో ఎక్కువ వాటికి ఇన్‌ఫ్రారెడ్ రిమోటే. రిమోట్ చెబుతుంది, ఫ్యాన్ వింటుంది, తిరిగి ఏమీ చెప్పదు. రిమోట్ బదులు తానే సంకేతాలు పంపే, వైఫైతో నడిచే చిన్న బ్లాస్టర్ డబ్బా పెట్టి దీన్ని స్మార్ట్ చేసినా, ఆ డబ్బా ‘మూడో నంబరు మీద పెట్టాను’ అని అనుకుంటుంది, అంతే. ఈలోపు ఎవరో అసలు రిమోట్‌తో ఐదుకి పెంచుతారు. కళ్లద్దాలు మాత్రం ఫ్యాన్ పక్కన ‘3’ అని అంకె వేలాడదీసి చూపిస్తాయి. ఫోన్ తెరలో తప్పు అంకె కనబడితే యాప్ పాతబడిందిలే అనుకుంటాం. ఫ్యాన్ పక్కనే గాల్లో కనబడే అంకె అబద్ధం చెబితే ఇక మొత్తం వ్యవస్థ మీదే నమ్మకం పోతుంది, ఎందుకంటే అది ఫ్యాన్ తనంతట తాను చెబుతున్నట్టు ఉంటుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, మామూలుగా నడవగలిగే మనిషికి ఉట్టి ఆన్, ఆఫ్ కోసం చెయ్యి పొడిగించుకోవడం వృథా. గోడ స్విచ్‌కి ఆలస్యం లేదు, పాస్‌వర్డ్ లేదు, టక్కున చప్పుడు చేసి ఖాయం చేస్తుంది, చీకట్లో తడిమినా దొరుకుతుంది. పొడిగించిన చెయ్యి గెలిచేది వేరే చోట. ‘కొంచెం’ అన్న మాటని నోటితో కొలవలేని పనుల్లో, అంటే దీపం వెలుగు కాస్త దించడం, ఏసీ గాలి రెక్కని మంచం మీద పడకుండా పక్కకి తిప్పడం, కర్టెన్ టీవీ మీద ఎండ పడని చోటు దాకా జరపడం లాంటివి. ఇవి చెప్పి చేయించేవి కావు, చూస్తూ చేసేవి. వంద అంకెల్లో 37 అనడం కంటే వేళ్లతో పట్టుకుని దించుతూ ‘ఆ, చాలు’ అని ఆగడం ఎవరికైనా తేలిక.

అంతకంటే ముఖ్యమైనవాళ్లు పక్షవాతం వచ్చినవాళ్లు, మోకాళ్లు అరిగి మంచం దిగలేనివాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు. వాళ్లకి ఒక్క ఫ్యాన్ తగ్గించాలన్నా ఇంట్లో ఇంకొకరిని పిలవాలి, రాత్రి రెండింటికి పిలవలేక ఉక్కలోనో చలిలోనో పడుకునేవాళ్లు ఎంతోమంది. మాట సరిగా రాని పక్షవాత రోగికి వాయిస్ అసిస్టెంట్ ఎందుకూ కొరగాదు. రెండు వేళ్లు కదిలితే చాలనే మణికట్టు పట్టీ, మంచం పక్కన చిన్న టచ్ ప్యానెల్, పైకప్పుకి చవక ప్రొజెక్టర్ ఉంటే వాళ్లకి ఇది ఆటవస్తువు కాదు. చేతులు వణికేవాళ్ల కోసం పైన చెప్పిన గుణకాన్ని తగ్గించి, చెయ్యి దగ్గరికి రాగానే వస్తువే అయస్కాంతంలా లాక్కునేలా చెయ్యాలి. ఇంట్లో ముట్టుకోవాల్సినవి పాతికకి మించవు కాబట్టి అలా అతికించడం కష్టం కాదు, ఖచ్చితత్వం అంతగా లేని సెన్సర్లు కూడా సరిపోతాయి.

కొన్నిటికి మాత్రం చెయ్యి అందకూడదు. గీజర్, గ్యాస్ పొయ్యి, వీధి తలుపు తాళం, ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ మిషన్ ఉంటే అది. వీటిలో పొరపాటున ఆన్ లేదా ఆఫ్ అయిన దాని మూల్యం ఫ్యాన్ లాంటిది కాదు. ‘నొక్కావా’ అని రెండోసారి అడగడం దీనికి పరిష్కారం కాదు, వారం రోజుల్లో అందరూ చదవకుండానే ఒప్పేసుకుంటారు. గీజర్‌కి ఆపే వీలు మాత్రమే ఇచ్చి, వెయ్యాలంటే లేచి వెళ్లేలా ఉంచడం, తాళానికి వెయ్యడం మాత్రమే ఇచ్చి తియ్యడం ఇవ్వకపోవడం, ఆక్సిజన్ మిషన్‌ని అసలు జాబితాలోనే చేర్చకపోవడం, ఇలా ఒక్కో వస్తువుకీ ఏ వైపు చెయ్యి వెళ్లొచ్చో విడిగా తేల్చుకోవాలి. లేచి వెళ్లలేనివాళ్ల ఇంట్లో ఆ గీత వేరే చోట పడుతుంది, అది ఆ ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. ఇప్పుడున్న యాప్‌లలో చాలావాటికి ఈ తేడా పెట్టుకునే సెట్టింగే లేదు, ఒక వస్తువు మీద అధికారం ఇస్తే వెయ్యడానికీ ఆపడానికీ రెంటికీ ఇచ్చినట్టే.